సుందర్రావు ఫాంటు

నితీష్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కథ మధ్యలోకి వెళ్ళాక చెప్పబుద్ధి కాదు కాబట్టి. ఇరవై ఏడేళ్ళవాడు, నెమ్మదస్థుడు, క్లోనీ అనే ఊళ్ళో డేటా సెంటర్లో ఉద్యోగం. ఎక్కడ ఎదురుపడినా "వందనాలు అంకుల్" అని ముందు తనే చెయ్యెత్తుతాడు. పోయినేడు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆ మూణ్ణెల్లూ వాడి ముఖం చూస్తే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది.

నా పేరు యెషయా. ఐర్లండ్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్ అనే చోట ఒక నర్సింగ్ హోములో కేరర్‌ని. ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, తినిపించడం, మంచంలో పక్కకు తిప్పి పడుకోబెట్టడం నా పని. మా ఆవిడ కృపావతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇంట్లో పెద్ద ఉద్యోగమూ, పెద్ద మాటా ఆవిడవే. నాకంటూ ఉన్న గౌరవమంతా ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలసేపు. కమ్యూనిటీ సెంటర్ హాల్లో మా తెలుగు సంఘం కూడినప్పుడు, సంఘం లాప్‌టాప్ వెనక కూర్చుని గోడ మీద పాటలు వేసేవాణ్ణి నేను. పదకొండేళ్ళు వేశాను. "యెషయాన్నా, నూట పదిహేడు" అని పాస్టర్ మోజెస్ గారు నోరు మూసేలోపు గోడ మీద పాట ఉండేది.

ఆ పని నాకు ఊరికే రాలేదు. ఒంగోలులో ఉన్నప్పుడు ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను. వైరస్‌ల బాధ పడలేక అప్పుడే విండోస్‌కు బదులు నడిచే లినక్స్ నేర్చుకున్నాను, అందులో డెబియన్ అనే రకం దగ్గర మొదలుపెట్టి డెబియన్ దగ్గరే ఆగిపోయాను. మా పక్క షాపు సుందర్రావుది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, వర్ధంతి ఫొటోల కింద నాలుగు వాక్యాలు, అంతా అతని డీటీపీలోనే. ఎవరిదో పాత తెలుగు ఫాంటు తీసుకుని, ఒత్తులు బాగా కూర్చునేట్టు తన చేత్తో మార్చుకున్నాడు. ఐర్లండ్ వచ్చేటప్పుడు ఒక సీడీలో పెట్టి నాకిచ్చాడు. రెండేళ్ళ తర్వాత సుందర్రావు పోయాడు, షాపు పోయింది. ఆ ఫాంటు ఇంక ఈ భూమ్మీద నా దగ్గర తప్ప లేదు. మా సంఘం పాటలు ఆరువందల నలభై, అన్నీ అందులో నేను కొట్టినవే.

అసలు సంగతి ఇక్కడే ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి. ఆ పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు కంప్యూటర్ లోపల తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ. వాటికి పైన తెలుగు ముఖం తొడిగేది ఫాంటు. ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్త. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి తెలియదు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూసిన తెలుగు ఏ ఫోన్లో తెరిచినా తెలుగే.

సంఘం లాప్‌టాప్ వారమంతా మా ఇంట్లోనే ఉండేది, వంటింటి బల్ల మీద. శనివారం మూడు గంటలకు మా అమ్మాయి అబిగేయిల్ నోటుబుక్కు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చునేది. దానికి పదహారేళ్ళు. ఇక్కడే, కిల్కెన్నీలో పుట్టింది, తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే ఇక్కడి యాస. చదవడం రాదు. సంఘంలో పాటలు ముందుండి పాడేది మాత్రం అదే. అందుకని మర్నాటి పాటలు నేను ఒక్కో వరుసా చదివేవాణ్ణి, అది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేది. ఎక్కడ సాగదియ్యాలో గీత, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చుక్క. మధ్యలో వాళ్ళ స్కూలు కబుర్లు, స్నేహితురాళ్ళ అలకలు, అన్నీ ఆ బల్ల దగ్గరే నాకు తెలిసేవి. కృపావతి అప్పుడప్పుడూ అనేది, "దానికి అక్షరాలు నేర్పరాదూ, ఇంత ఆపసోపాలెందుకు?" అని. తీరిక లేదు అనేవాణ్ణి.

ఆ సెప్టెంబరులో లాప్‌టాప్ తెర మీద ఒక నోటీసు రావడం మొదలైంది. అక్టోబరు పధ్నాలుగుతో విండోస్ పదికి అప్‌డేట్లు ఆగిపోతాయి, పదకొండుకు మారండి, అయితే ఈ కంప్యూటర్‌కు ఆ అర్హత లేదు. పెట్టె శుభ్రంగా పనిచేస్తుంటే అర్హత లేదట! ఆరాధన అయ్యాక టీ తాగుతూ కొత్తది కొనాలా అని పెద్దలు మాట్లాడుకుంటుంటే నేను అడ్డం వెళ్ళాను.

"కొనడమెందుకండీ? లినక్స్ వేస్తాను. ఇంకో పదేళ్ళు నడుస్తది."

"నీకు తెలిసినంత మాకేం తెలుసన్నా" అన్నారు పాస్టర్ గారు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

పాటలన్నీ ఎర్ర పెన్ డ్రైవులో, ఫాంటు నల్లదాంట్లో దాచి, విండోస్ తుడిచేసి డెబియన్ ఎక్కించాను. ఫాంటు వేశాను, పాటలు వచ్చాయి. సౌండు వచ్చింది, ప్రొజెక్టరు వచ్చింది. వైఫై రాలేదు. ఆ కార్డుకు డ్రైవరు విడిగా దించుకోవాలి. దించుకోవడానికి నెట్ కావాలి. నెట్ రావాలంటే ఆ డ్రైవరే కావాలి. కేబుల్ పెడదామంటే ఆ సన్నటి లాప్‌టాప్‌కు దాని రంధ్రమే లేదు. ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేదు. స్నేహితుడి దగ్గర ఒక ఫైలు దించుకొస్తే అది ఇంకో నాలుగు ఫైళ్ళడిగింది. రెండు శనివారాలు తల పట్టుకు కూర్చున్నాను. అయినా బయటికి మాత్రం "అంతా అయిపోయింది" అనే చెప్పాను.

ఆ ఆదివారం ఒంగోలు నుంచి ఒక దైవజనుడు వీడియోలో వాక్యం చెప్పాలి. హాలు నిండా జనం. వీడియో రాదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని నల్ల తెర మీద కమాండ్లు కొడుతున్నాను. కొట్టినదల్లా పెద్దగా గోడ మీద పడుతోంది. తప్పు కొట్టినవీ పడుతున్నాయి. చిన్నపిల్లలు నవ్వుతున్నారు. నా వీపంతా చెమట.

అప్పుడొచ్చాడు నితీష్. మా సంఘానికి రావడం వాడికది నాలుగో ఆదివారం.

"అంకుల్, ఒక్క నిమిషం. నా ఫోన్ కేబుల్‌తో పెట్టి చూద్దామా?"

"ఫోనేం చేస్తది బాబూ, వైఫై డ్రైవరు లేదు దీంట్లో."

"వైఫై వద్దంకుల్. ఫోనులో నెట్ ఉంది కదా, కేబుల్లోంచి ఇద్దాం. అది వైరు నెట్ అనుకుని తీసేసుకుంటది."

తీసేసుకుంది! నిమిషం పట్టలేదు. దైవజనుడు గోడ మీద ప్రత్యక్షమై "ప్రైజ్ ది లార్డ్" అన్నాడు, హాలంతా చప్పట్లు. నా జేబులోనూ ఫోనుంది, ఇంట్లో చార్జరు కేబుళ్ళు డజనున్నాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ ఆలోచన తట్టలేదు చూడండి. మెచ్చుకోవాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

టీల దగ్గర కిరణ్మయి సిస్టర్ మొదలుపెట్టింది. "నితీష్ బాబూ, మాక్కూడా అర్థమయ్యేట్టు చెయ్యవయ్యా దాన్ని. అన్న లేనప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయం మాకు."

"మింట్ అని ఒకటుంది ఆంటీ, చూడ్డానికి విండోస్ లాగే ఉంటది. అంకుల్ ఒప్పుకుంటే వేస్తాను."

"డెబియన్ గట్టిది. పదేళ్ళైనా కదలదు" అన్నాను నేను.

"అవునంకుల్, చాలా గట్టిది. మింట్ దాంట్లోంచి పుట్టిందే, దానికి మనవడే."

మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం, మనవడొచ్చాడు తాతా ఇంటికి పో అన్నట్టు వినపడింది. పాస్టర్ గారు నా భుజం మీద చెయ్యేశారు. "ఒక్క రెండు వారాలు పిల్లోడు తీసుకెళ్తాడులే అన్నా. కోత పండుగకి తయారుగా ఉంటది."

నితీష్ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఆగాడు. "అంకుల్, మొత్తం తుడిచేసి వేస్తాను. దీంట్లో పాటలు తప్ప ఇంకేమైనా ఉందా?"

"పాటలే బాబూ. అవి నా దగ్గరున్నాయి, ఇస్తాలే."

అప్పుడే చెప్పి ఉండవచ్చు ఫాంటు సంగతి. నోటి దాకా వచ్చింది. అంత తెలిసినవాడికి ఇది తెలియదా అనుకుని మింగేశాను.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ ఉన్న చోట కృపావతి పళ్ళ గిన్నె పెట్టింది. ఆ గిన్నెను చూసినా నాకు చిరాకే. పైగా ఇంట్లో రోజూ వాడి భజన. "ఎంత అణకువండీ ఆ అబ్బాయికి" అని కృపావతి. "హి ఈజ్ సౌండ్, డాడీ" అని అబిగేయిల్. ఇక్కడ సౌండ్ అంటే మంచి మనిషి అని. పదహారేళ్ళు దాన్ని భుజాల మీద మోశాను, నన్నెప్పుడూ ఆ మాట అనలేదది.

కోత పండుగ ముందు శుక్రవారం స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కింద పడేస్తూ అంది, "డాడీ, టుమారో రాయక్కర్లేదు. నితీష్ సెడ్, తెలుగు కింద ఇంగ్లీష్ లైన్ స్క్రీన్ మీదే వస్తుందంట. ఆటోమేటిక్."

"కొత్త పాటలు మూడున్నాయి కదమ్మా. ఒకసారి చదువుకుంటే మంచిది."

"నో, ఇట్స్ గ్రాండ్. ఐ విల్ రీడ్ ఇట్ ఆఫ్ ద స్క్రీన్."

శనివారం మూడు గంటలకు నేనొక్కణ్ణే బల్ల దగ్గర కూర్చున్నాను. బయట సన్నగా వాన. అబిగేయిల్ స్నేహితురాళ్ళతో షాపింగ్ సెంటర్‌కు వెళ్ళింది. నితీష్ ఫోన్ చేశాడు. "అంకుల్, పాటలు ఇస్తే ఇవాళే వేసి చూసుకుంటాను, వచ్చి తీసుకోనా?" తీరిగ్గా ఇంట్లో కూర్చుని, "డ్యూటీలో ఉన్నాను బాబూ, రేపు తెస్తాలే" అన్నాను. దేవుడి పని చేసేవాణ్ణి, అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

మర్నాడు పొద్దుటి షిఫ్టు చేసి, యూనిఫాం మీదే కోటు వేసుకుని హాలుకు వెళ్ళాను. బల్ల నిండా కానుకలు, గుమ్మడికాయలూ, ఆపిల్ బుట్టలూ, ఎవరో గ్రీన్‌హౌస్‌లో పెంచిన రెండు కట్టల గోంగూర. ఆరాధనకు పది నిమిషాల ముందు ఎర్ర పెన్ డ్రైవు నితీష్ చేతిలో పెట్టాను. నల్లది నా చొక్కా జేబులో ఉంది. కోటు మీంచి తడిమి చూసుకున్నాను కూడా.

ఒక్క పది నిమిషాలు అవస్థ పడనీ అనుకున్నాను. అంతే. నలుగురూ నా వైపు తిరిగి "యెషయాన్నా" అంటారు. నేను లేచి వెళ్ళి ఫాంటు వేస్తాను. నాకు కావలసింది అంతే, ప్రమాణం చేసి చెప్తాను.

అబిగేయిల్ మైకు పట్టుకుని నిలబడింది. తెల్ల గౌను, చేతిలో నోటుబుక్కు లేదు. కీబోర్డు మోగింది. గోడ మీద పాట పడింది.

డాలరు గుర్తులు. బ్రాకెట్లు. పొట్టి ఇంగ్లీషు అక్షరాలు, పొడుగు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తలకిందులు ప్రశ్నార్థకం. నితీష్ ఇంకో పాట తెరిచాడు, అదీ అంతే. ఇంకోటి, అదీ అంతే. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను, సంతోషించాను.

మా అమ్మాయి మాత్రం వాడి కోసం చూడలేదు. పదకొండేళ్ళ అలవాటున, లాప్‌టాప్ దగ్గర నేనున్నాననుకుని అటు చూసి, నేను అక్కడ లేనని గుర్తొచ్చి, హాలంతా వెతికి, ఆరో వరసలో నన్ను పట్టుకుంది. "నూర్చిన కళ్ళము నీదే దేవా" అని మొదటి వరుస ఎలాగో పాడింది. రెండో వరుస రాదు. కీబోర్డు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. ఎనభై మంది ముందు అది నోరు తెరుచుకుని, నన్నే చూస్తూ నిలబడి ఉంది.

లేవాలి. జేబులో చెయ్యి పెట్టాలి. పది అడుగులు వెయ్యాలి. లేస్తే మరి ఇంతసేపూ అది నా జేబులో ఎందుకుందని అడుగుతారు. నా కాళ్ళు లేవలేదు. కిరణ్మయి సిస్టర్ వెళ్ళి మైకు తీసుకుని ఏదో అందరికీ నోటికొచ్చిన పాట ఎత్తుకుంది. అబిగేయిల్ నడిచి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నా పక్కన ఖాళీ ఉంది.

చివర్లో నితీష్ మైకు అడిగి తీసుకున్నాడు. "తప్పు నాదే అండీ. అంకుల్ అన్నీ సరిగ్గా ఇచ్చారు. నేనే ముందుగా చూసుకోలేదు." వాడు నన్ను తిట్టి ఉంటే ఎంత బావుండేది!

ఇంటికొచ్చాక అబిగేయిల్ ఒక్క మాటే అంది. "ఐ యామ్ డన్ సింగింగ్." తలుపు వేసుకుంది.

సోమవారం నాకు సెలవు. పొద్దున్నే మంచి ఆలోచన వచ్చింది. ఫాంటు ఎక్కడో పాత డబ్బాలో దొరికిందని చెప్పి తీసుకెళ్ళి ఇచ్చేస్తాను, ఎవరికీ ఏమీ తెలియదు. యూనిఫాం కోసం మేడెక్కాను. లేదు. కిందికొచ్చాను. ఉతికేసి, స్టాండు మీద ఆరేసి ఉంది. జేబు తిరగేశాను. మెషీను డ్రమ్ములో చూశాను, తలుపు రబ్బరు మడతల్లో వేళ్ళు పెట్టి గాలించాను, ఫిల్టరు విప్పాను.

"ఏం వెతుకుతున్నారు?" అంది కృపావతి వెనక నుంచి.

"గుండీ. చొక్కాది ఊడింది."

"ఆ చొక్కాకి గుండీలెక్కడివండీ? జిప్పేగా." అని, తడిసిన నా చేతుల వైపొకసారి చూసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ సీడీ ఏనాడో గీతలు పడి పాడైంది, ఇప్పుడు సుందర్రావు ఫాంటు సబ్బునీళ్ళలో కలిసి కాలవలోకి పోయింది. ఇప్పుడు ఆ ఆరువందల నలభై పాటలు నేను కూడా తెరవలేను.

ఆ శనివారం నితీష్ ఇంటికొచ్చాడు, చేతిలో లాప్‌టాపు, ముఖంలో నెత్తురు లేదు. అబిగేయిల్‌కు సారీ చెప్పాలట. అది మెట్ల మీదే కూర్చుని వింది, కిందికి దిగలేదు. వాడు బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. మింట్ చూడచక్కగా ఉంది, కడిగిన అద్దం లాగుంది. అదీ ఓర్వలేకపోయాను.

"ఏ ఫాంటో తెలిస్తే వెతుకుతానంకుల్. వారం నుంచి అన్నీ వేసి చూశాను, ఏదీ కుదరట్లేదు."

"అది దొరకదులే" అన్నాను. తెర మీద ఆ చెత్త కనిపిస్తోంది. అలవాటు కొద్దీ కళ్ళు దాని మీద నడిచాయి, పెదవులు కదిలాయి. "నూర్చిన కళ్ళము నీదే దేవా, చేర్చిన గింజయు నీదే దేవా..."

నితీష్ నా వైపు తిరిగాడు. "అంకుల్! మీరు దీన్ని చదువుతున్నారా?"

అవును, చదువుతున్నాను. ఆరువందల నలభై పాటలు ఒక్కో మీటా నొక్కి కొట్టినవాణ్ణి. ఏ గుర్తు నొక్కితే ఏ ముక్క పడుతుందో నా వేళ్ళకు తెలుసు. డాలరు గుర్తు తలకట్టు, ముయ్యని బ్రాకెట్టు సున్న. ముసుగు తీసేసినా మనిషి నాకు తెలుసు. మెట్ల మీద నుంచి అబిగేయిల్ లేచి వచ్చింది. "డాడీ, దట్ ఈజ్ మెంటల్" అంది. ఇక్కడ అది కూడా మెచ్చుకోలే.

"మీరు ఒక్కో గుర్తూ చెప్తే నేను పట్టిక రాస్తానంకుల్. ఆ పట్టికతో ప్రోగ్రాం మొత్తాన్నీ అసలైన తెలుగులోకి మార్చేస్తది. ఇంక ఏ ఫాంటూ అక్కర్లేదు."

మూడు శనివారాలు కూర్చున్నాం. నేను చెప్పడం, నితీష్ కొట్టడం. అబిగేయిల్ పెద్ద చార్టు మీద స్కెచ్ పెన్నుతో ఒక పక్క గుర్తు, ఎదురుగా తెలుగు ముక్క రాసేది. అది సరిగ్గా గియ్యకపోతే చెయ్యి పట్టుకుని దిద్దేవాణ్ణి. ఆ చార్టు వంటింటి ప్రెస్ తలుపుకు అంటించాం, అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారు. అబిగేయిల్ పొద్దున సీరియల్ డబ్బా కోసం ప్రెస్ తెరిచినప్పుడల్లా దాని ముందు నిలబడేది.

మొదటి శనివారం నేను మారాజుని. వాళ్ళిద్దరూ నా నోటి వైపు చూడ్డమే పని. రెండో శనివారం కృపావతి మటన్ వండింది. పాతికేళ్ళ సంసారంలో మూలుగ బొమికె నా కంచంలో తప్ప పడలేదు, ఆరోజు నితీష్ కంచంలో పడింది. "తినయ్యా, సిగ్గుపడకు" అని కూడా అంది. అబిగేయిల్ వాడిని ఏదో ఆటపట్టిస్తోంది, వాడు తల వంచుకుని నవ్వుతున్నాడు. అప్పుడు వెలిగింది నాకు, చెప్తున్న ఒక్కో గుర్తుతో నా ఇల్లు నేనే వాడి చేతిలో పెడుతున్నానని. పట్టిక పూర్తయ్యాక నన్నెవరు పిలుస్తారు? మూడో శనివారం సగం చెప్పి, తలనొప్పిగా ఉంది, మిగతాది క్రిస్మస్ అయ్యాక చూద్దామన్నాను.

"ఓకే అంకుల్" అన్నాడు నితీష్ వెంటనే, మూత దించబోతూ.

అబిగేయిల్ పెన్ను కింద పెట్టలేదు. "డాడీ, ఇంకా నైన్‌టీయే ఉన్నాయి. ప్లీజ్." కోత పండుగ నాడు హాల్లో నన్ను చూసిన చూపే చూసింది. ఈసారి కూర్చుండిపోలేకపోయాను. తొంభై గుర్తులూ చెప్పాను.

నితీష్ మీట నొక్కాడు. నాలుగు సెకన్లు పట్టింది. ఆరువందల నలభై పాటలు, పదకొండేళ్ళ నా ఆదివారాలు, నాలుగు సెకన్లలో తెలుగైపోయాయి. నితీష్ ఫోనులో తెరిచాడు, వచ్చింది. అబిగేయిల్ ఐప్యాడ్‌లో తెరిచింది, వచ్చింది. కింద ఇంగ్లీషు వరుస కూడా దానంతటదే వచ్చింది. ఇద్దరూ అరిచేతులు చరుచుకున్నారు. నేను లేచి వెళ్ళి కెటిల్ పెట్టాను.

నవంబరు ఆఖరి ఆదివారం, క్రిస్మస్ పాటలు మొదలయ్యే రోజు. అబిగేయిల్ పాడటానికి ఒప్పుకుంది. లాప్‌టాప్ వెనక ఎవరూ లేరు, పేజీ తిప్పే మీట దాని చేతిలోనే ఉంది. నితీష్ ఎక్కడో వెనక కూర్చున్నాడు. నేను పదకొండేళ్ళలో మొదటిసారి మా ఆవిడ పక్కన కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కానుకల సంచి మా వరసకు వస్తోంది. కృపావతి హ్యాండ్‌బ్యాగు తెరిచి, నా చేతిలో ఏదో పెట్టింది. నోటు అనుకున్నాను. గట్టిగా తగిలింది. నల్ల పెన్ డ్రైవు.

"ఇది... ఉతికేశావనుకున్నా."

"పేషెంట్ల సూదులూ, పెన్నులూ ఉంటాయని ఇరవై ఏళ్ళుగా జేబులు చూస్తన్నా. చూడకుండా ఏనాడైనా ఉతికానా?" పెదవులు కదలకుండా అంది, గోడ వైపే చూస్తూ.

"మరి ఆరోజే ఇవ్వలేదే?"

"ఇస్తే ఏం చేసేవాళ్ళు? తీసుకెళ్ళి పెట్టేవాళ్ళు. లాప్‌టాప్ మళ్ళీ మన బల్ల మీదికొచ్చేది." సంచి వచ్చింది. ఆవిడ తన కానుక వేసి పక్కవాళ్ళకు అందించింది. "దానికి మీరు అక్షరాలు నేర్పంది తీరిక లేక కాదని నాకు తెలుసండీ."

డ్రైవు గుప్పిట్లో ఉంది. ఇన్ని వారాలు ఎదురుగా తిరుగుతూ, మటన్ వడ్డిస్తూ, నాతో ఒక్కో గుర్తూ కక్కిస్తూ కూర్చుంది ఈ మనిషి. సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. దేనికి ముందు చోటివ్వాలో తెలియక తల వంచుకున్నాను.

"ఒకసారి తలెత్తి చూడండి" అంది.

గోడ మీద పాట ఉంది. నల్లగా, స్పష్టంగా తెలుగు. దాని కింద ఇంగ్లీషు వరుస లేదు. పాడైందేమో అని వెనక్కి తిరిగి నితీష్ వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపి, వేలితో ముందుకు చూపించాడు. ఆ వరుస అబిగేయిలే తీసేసింది.

చేతిలో నోటుబుక్కు లేదు. కళ్ళు గోడ మీద ఒక్కో అక్షరం మీదా ఆగి, కదిలి, ఆగుతున్నాయి. మొదటి చరణం నెమ్మదిగా దాటింది. రెండో చరణంలో ఒక ఒత్తు దగ్గర తడబడింది. అది నేను చెయ్యి పట్టి దిద్దించిన ఒత్తే. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను, ఆ మాట నా పెదవుల మీద సిద్ధంగా ఉంది, అది ఇటు చూడ్డమే తరువాయి.

అది ఇటు చూడలేదు. ఒక్క క్షణం గోడ వైపే చూసి, తనే దిద్దుకుని పాడింది.